రక్షణ కొనుగోళ్లలో చిన్న పరిశ్రమలు: నిబంధనలు, అవకాశాలు, జాగ్రత్తలు

దేశ సైన్యానికి అవసరమయ్యే వస్తువులు యుద్ధవిమానాలు, క్షిపణులు, జలాంతర్గాములతో ముగిసిపోవు. బోల్టులు, రబ్బరు సీళ్లు, కేబుళ్లు, బ్యాటరీలు, గుడారాలు, చలి దుస్తులు, కొలత పరికరాలు, ప్యాకింగ్ పెట్టెలు, సాఫ్ట్‌వేర్ వరకు ఆ జాబితా విస్తరిస్తుంది. వీటిలో ఎక్కువ భాగం సూక్ష్మ, చిన్న, మధ్య తరహా పరిశ్రమలు చేయదగినవే. కేంద్ర ప్రభుత్వ గణాంకాల ప్రకారం 2023-24లో దేశ రక్షణ ఉత్పత్తి విలువ 1,27,434 కోట్ల రూపాయలకు చేరింది. 2024-25లో రక్షణ ఎగుమతులు 23,622 కోట్ల రూపాయలుగా నమోదయ్యాయి. ఈ ఉత్పత్తిలో పాలుపంచుకుంటున్న చిన్న పరిశ్రమలు దాదాపు 16 వేలని ప్రభుత్వం చెబుతోంది.

అయితే రక్షణ రంగంలో తొలి ఆర్డరు పొందడం ఎంత కష్టమో, పొందిన తర్వాత నిలదొక్కుకోవడం అంతకంటే కష్టం. నమూనా తయారీకి పెట్టుబడి ముందే పెట్టాలి. పరీక్షలకు నెలలు పడుతుంది. బిల్లు ఆలస్యమైతే ఇరవై మంది పనిచేసే వర్క్‌షాపులో జీతాలు ఆగిపోతాయి. నిబంధనలు తెలియక చట్టం ఇచ్చిన రక్షణలను వాడుకోని సంస్థలు అనేకం. ఈ నేపథ్యంలో రక్షణ కొనుగోళ్ల తీరు, చిన్న పరిశ్రమలకు ఉన్న హక్కులు, తీసుకోవలసిన జాగ్రత్తల వివరాలు ఇవి.

కొనుగోలుదారులు ఎవరు?

రక్షణ శాఖ అంటే ఒకే కొనుగోలుదారు కాదు. సైన్యం, నౌకాదళం, వాయుసేన, తీర రక్షక దళం తమ అవసరాలకు నేరుగా కొంటాయి. డీఆర్‌డీఓ ప్రయోగశాలలు పరిశోధనకు కావలసిన పరికరాలు, భాగాలను విడిగా సేకరిస్తాయి. వీటికి తోడు 16 రక్షణ ప్రభుత్వరంగ సంస్థలు ఉన్నాయి. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును రద్దు చేసి, దాని కర్మాగారాలను ఏడు కంపెనీలుగా మార్చడంతో ఈ సంఖ్య పెరిగింది.

తెలుగు రాష్ట్రాల్లో ఈ కొనుగోలుదారులు దగ్గరలోనే ఉన్నారు. హైదరాబాద్‌లో భారత్ డైనమిక్స్, మిశ్రధాతు నిగమ్ సంస్థలు, డీఆర్‌డీఎల్, ఆర్‌సీఐ, ఏఎస్ఎల్, డీఎంఆర్ఎల్, డీఎల్ఆర్ఎల్ వంటి డీఆర్‌డీఓ ప్రయోగశాలలు పనిచేస్తున్నాయి. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో సాయుధ వాహనాలు తయారు చేసే కర్మాగారం ఉంది. విశాఖపట్నంలో తూర్పు నౌకాదళ కమాండ్, నౌకాదళ డాక్‌యార్డు, హిందుస్థాన్ షిప్‌యార్డు, ఎన్ఎస్‌టీఎల్ ఉన్నాయి. మచిలీపట్నంలో భారత్ ఎలక్ట్రానిక్స్ యూనిట్ పనిచేస్తోంది. బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి వంటి పారిశ్రామికవాడల్లోని ఇంజినీరింగ్ వర్క్‌షాపులు ఇలాంటి సంస్థల అవసరాలను ఆసరాగా చేసుకునే నైపుణ్యం పెంచుకున్నాయి.

చిన్న సంస్థకు తొలి ఆర్డరు చాలా సందర్భాల్లో సైన్యం నుంచి నేరుగా రాదు. ప్రభుత్వరంగ సంస్థకు గానీ, పెద్ద ప్రైవేటు కంపెనీకి గానీ ఉపగుత్తేదారుగా భాగాలు సరఫరా చేయడంతోనే ప్రయాణం మొదలవుతుంది. ప్రభుత్వరంగ సంస్థలు సరఫరాదారుల నమోదును వేటికవే నిర్వహిస్తాయి. ఒక సంస్థలో నమోదైనంత మాత్రాన మరో సంస్థలో నమోదైనట్టు కాదు.

రెండు పద్దులు, రెండు నియమావళులు

రక్షణ వ్యయంలో మూలధన పద్దు, రెవెన్యూ పద్దు వేర్వేరు. ఏ టెండరు ఏ పద్దు కిందకు వస్తుందన్నదాన్ని బట్టి వర్తించే నియమాలు మారుతాయి.

కొత్త ఆయుధ వ్యవస్థలు, నౌకలు, విమానాలు, రాడార్ల వంటి కొనుగోళ్లు మూలధన పద్దులోకి వస్తాయి. వీటికి 2020 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన రక్షణ సేకరణ విధానం, అంటే డీఏపీ-2020 ఆధారం. ఇందులో అత్యధిక ప్రాధాన్యం దేశంలోనే రూపకల్పన, అభివృద్ధి, తయారీ జరిగిన వస్తువులకు దక్కుతుంది. ఆ విభాగంలో కనీసం 50 శాతం స్వదేశీ భాగం ఉండాలి. అవసరం గుర్తింపు, సమాచార సేకరణ, ఆమోదం, ప్రతిపాదనల ఆహ్వానం, సాంకేతిక మదింపు, క్షేత్ర పరీక్షలు, ధర చర్చలు అనే మెట్లన్నీ దాటాలి కాబట్టి ఇక్కడ ఒప్పందానికి ఏళ్లు పట్టవచ్చు.

విడిభాగాలు, మరమ్మతులు, మందుగుండు, దుస్తులు, నిర్వహణ సేవలు రెవెన్యూ పద్దులోకి వస్తాయి. చిన్న పరిశ్రమలకు నిత్యం పని దొరికేది ఎక్కువగా ఇక్కడే. 2009 నాటి నియమావళి స్థానంలో కొత్తగా రూపొందిన రక్షణ కొనుగోళ్ల నియమావళి, డీపీఎం-2025, 2025 నవంబరు 1 నుంచి ఈ కొనుగోళ్లకు వర్తిస్తోంది. స్వదేశీకరణ కోసం కొత్త వస్తువును అభివృద్ధి చేసే దశలో జాప్యానికి జరిమానా విధించకూడదని ఇది చెబుతోంది. నమూనా సిద్ధమైన తర్వాతి దశలో జరిమానాను 0.1 శాతానికి కుదించింది. జరిమానా గరిష్ఠ పరిమితిని 5 శాతంగా, విపరీతమైన జాప్యం జరిగిన సందర్భాల్లో మాత్రమే 10 శాతంగా నిర్ణయించింది. అభివృద్ధి చేసిన వస్తువుకు ఐదేళ్ల వరకు ఆర్డర్ల హామీ ఇచ్చేందుకు వీలు కల్పించింది. ఒక్క విడిభాగం కోసం అచ్చులు, ఫిక్చర్లు చేయించుకునే చిన్న సంస్థకు ఈ హామీ ఎంతో కీలకం.

తొలి మెట్టు: ఉద్యం నమోదు

చిన్న పరిశ్రమగా గుర్తింపు పొందాలంటే ఉద్యం పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. ఇది పూర్తిగా ఉచితం. ఆధార్, పాన్, వర్తించే చోట జీఎస్టీ సంఖ్య ఉంటే చాలు. ధ్రువపత్రం ఇప్పిస్తామంటూ డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు.

2025 ఏప్రిల్ 1 నుంచి వర్గీకరణ పరిమితులు పెరిగాయి. యంత్రాలు, పరికరాలపై పెట్టుబడి రెండున్నర కోట్ల రూపాయలు, వార్షిక టర్నోవరు 10 కోట్లు దాటకపోతే అది సూక్ష్మ సంస్థ. పెట్టుబడి 25 కోట్లు, టర్నోవరు 100 కోట్ల వరకు చిన్న సంస్థ. పెట్టుబడి 125 కోట్లు, టర్నోవరు 500 కోట్ల వరకు మధ్య తరహా సంస్థ. ఈ తేడా కాగితం మీది తేడా మాత్రమే కాదు. కొనుగోళ్లలో ప్రాధాన్యం, ఆలస్య చెల్లింపులపై వడ్డీ వంటి ప్రధాన రక్షణలు సూక్ష్మ, చిన్న సంస్థలకే పరిమితం. మధ్య తరహా సంస్థలకు అవి వర్తించవు.

చట్టం ఇచ్చిన వెసులుబాట్లు

సూక్ష్మ, చిన్న సంస్థల నుంచి ప్రభుత్వ కొనుగోళ్ల విధానాన్ని కేంద్రం 2012లో ప్రకటించింది. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కనీసం 25 శాతం ఈ సంస్థల నుంచి సేకరించాలన్నది ప్రస్తుత నిబంధన. ఇందులో ఎస్సీ, ఎస్టీల యాజమాన్యంలోని సంస్థలకు 4 శాతం, మహిళల యాజమాన్యంలోని సంస్థలకు 3 శాతం కేటాయించారు. 358 వస్తువులను కేవలం సూక్ష్మ, చిన్న సంస్థల నుంచే కొనాలి.

ధర విషయంలో ఇచ్చిన వెసులుబాటును ఒక ఉదాహరణతో అర్థం చేసుకోవచ్చు. ఒక టెండరులో పెద్ద కంపెనీ 100 రూపాయల అత్యల్ప ధర కోట్ చేసిందనుకుందాం. చిన్న సంస్థ ధర 112 రూపాయలు. అత్యల్ప ధర కంటే 15 శాతం లోపు తేడా ఉన్నందున, 100 రూపాయలకే సరఫరా చేస్తారా అని ఆ చిన్న సంస్థను అడగాలి. అంగీకరిస్తే మొత్తం టెండరు విలువలో కనీసం 25 శాతం దానికి దక్కుతుంది. ఆ పరిధిలో ఒకటి కంటే ఎక్కువ చిన్న సంస్థలు ఉంటే ఆ వాటాను పంచుతారు. ధర 116 రూపాయలైతే ఈ అవకాశం ఉండదు. అందుకే లాభం లెక్కతో పాటు, అవసరమైతే ఎంతవరకు తగ్గగలమన్న లెక్క కూడా బిడ్ వేసే ముందే సిద్ధంగా ఉండాలి.

టెండరు పత్రాలు ఉచితంగా పొందడం, బిడ్‌తో చెల్లించవలసిన ధరావతు నుంచి మినహాయింపు కూడా ఈ విధానంలో భాగమే. నాణ్యత, సాంకేతిక ప్రమాణాలు నెరవేరితే గత అనుభవం, గత టర్నోవరు షరతులను సడలించే వీలుంది. అయితే ఒప్పందం కుదిరిన తర్వాత ఇవ్వవలసిన పనితీరు పూచీకత్తుకు ఈ మినహాయింపు వర్తించదు. ధరావతు లేదు కదా అని బ్యాంకు గ్యారంటీకి ఏర్పాటు చేసుకోని సంస్థలు ఇక్కడ ఇబ్బంది పడతాయి.

ఈ విధానానికి పరిమితులు ఉన్నాయి. ఆయుధ వ్యవస్థలు, క్షిపణుల వంటి రక్షణ పరికరాలను దీని పరిధి నుంచి మినహాయించారు. తయారీ చేయకుండా కేవలం కొని అమ్మే వ్యాపారులకు, నిర్మాణ పనుల కాంట్రాక్టులకు దీని ప్రయోజనాలు వర్తించవు. కాబట్టి ప్రతి టెండరు పత్రంలో ఈ వెసులుబాటు ఉందా లేదా అన్నది విడిగా చూసుకోవాలి.

స్వదేశీ తయారీకి ప్రాధాన్యమిచ్చే 2017 నాటి ఉత్తర్వు మరో ఆసరా. దీని ప్రకారం 50 శాతం లేదా అంతకు మించి స్థానిక విలువ ఉన్నవారు మొదటి తరగతి స్థానిక సరఫరాదారులు. 20 శాతానికి తగ్గకుండా, 50 శాతం లోపు ఉన్నవారు రెండో తరగతి. 200 కోట్ల రూపాయల వరకు విలువైన కొనుగోళ్లకు సాధారణంగా అంతర్జాతీయ టెండర్లు పిలవకూడదన్న నియమం 2020 నుంచి అమల్లో ఉంది.

అవకాశాలు ఎక్కడ కనిపిస్తాయి?

2016 ఆగస్టులో ప్రారంభమైన ప్రభుత్వ ఈ-మార్కెట్‌ప్లేస్, అంటే జెమ్, సాధారణ వస్తువులు, సేవలకు ప్రధాన వేదిక. అక్కడ దొరికే వస్తువులను కేంద్ర ప్రభుత్వ శాఖలు ఆ వేదిక ద్వారానే కొనాలి. ప్రత్యేక తయారీ అవసరమయ్యే వస్తువుల టెండర్లు కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్‌లో, రక్షణ శాఖ ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో కనిపిస్తాయి. వీటిలో బిడ్ దాఖలుకు డిజిటల్ సంతకం అవసరం.

రక్షణ శాఖ 2020 ఆగస్టులో ప్రారంభించిన సృజన్ పోర్టల్ స్వరూపం వేరు. ఇది టెండర్ల వేదిక కాదు. విదేశాల నుంచి దిగుమతి చేసుకుంటున్న భాగాలు, ఉపవ్యవస్థల వివరాలను సైనిక దళాలు, ప్రభుత్వరంగ సంస్థలు అందులో ఉంచుతాయి. వాటిని దేశంలో తయారు చేయగలమనుకునే సంస్థలు ఆసక్తి తెలియజేయవచ్చు. దీనికి అనుబంధంగా సానుకూల స్వదేశీకరణ జాబితాలు వెలువడ్డాయి. సైనిక దళాలకు సంబంధించిన ఐదు జాబితాల్లో 509 వస్తువులు, ప్రభుత్వరంగ సంస్థలకు సంబంధించిన ఐదు జాబితాల్లో 5,012 వస్తువులు ఉన్నాయి. నిర్దేశిత గడువు తర్వాత వీటిని దేశీయంగానే సేకరించాలి. తమ యంత్రాలపై ఏ వస్తువు తయారవుతుందో తెలుసుకోవడానికి చిన్న సంస్థలకు ఈ జాబితాలు మంచి ఆధారం. అయితే దిగుమతి చేసిన సంఖ్య, గత ధర, రానున్న ఏళ్ల అవసరం తెలుసుకోకుండా పెట్టుబడి పెట్టడం ప్రమాదకరం. ఏడాదికి పది భాగాలు మాత్రమే కావలసిన చోట లక్షల రూపాయల అచ్చు ఖర్చు తిరిగి రాదు.

కొత్త ఆవిష్కరణలున్న అంకుర సంస్థలకు, చిన్న పరిశ్రమలకు ఐడెక్స్ పథకం 2018 నుంచి నడుస్తోంది. సైనిక దళాలు తమ సమస్యలను సవాళ్లుగా ప్రకటిస్తాయి. ఎంపికైన సంస్థకు నమూనా అభివృద్ధికి ఒకటిన్నర కోటి రూపాయల వరకు, ఐడెక్స్ ప్రైమ్‌లో 10 కోట్ల వరకు, 2024లో మొదలైన అదితి పథకంలో 25 కోట్ల వరకు గ్రాంటు లభిస్తుంది. గ్రాంటు ఒకేసారి రాదు. నిర్దేశించిన దశలు పూర్తయిన కొద్దీ విడతలుగా వస్తుంది. సంస్థ కూడా తన వాటా భరించాలి. డీఆర్‌డీఓ నిర్వహించే సాంకేతిక అభివృద్ధి నిధి కింద ఒక ప్రాజెక్టుకు 50 కోట్ల రూపాయల వరకు, వ్యయంలో 90 శాతం దాకా సాయం అందుతుంది. డీఆర్‌డీఓ అభివృద్ధి చేసిన సాంకేతికతను బదిలీ ఒప్పందం ద్వారా పొంది తయారీ చేపట్టడం మరో మార్గం.

నమూనా విజయవంతమైనంత మాత్రాన ఆర్డరు చేతికి వచ్చినట్టు కాదు. పరీక్షలు, ఆమోదాలు, బడ్జెట్ కేటాయింపుల మధ్య గడిచే కాలంలో చిన్న సంస్థ నిలదొక్కుకోవాలంటే పౌర మార్కెట్‌లోనూ ఆదాయ మార్గం ఉండాలి. ఆటోమొబైల్, వైద్య పరికరాలు, రైల్వే, అంతరిక్ష రంగాలకు అదే యంత్రాలతో సరఫరా చేసే సంస్థలు ఈ ఎదురుచూపును తట్టుకోగలుగుతాయి.

లైసెన్సు, భద్రత, నాణ్యత

ప్రతి రక్షణ వస్తువుకూ పారిశ్రామిక లైసెన్సు అక్కర్లేదు. ఆయుధాలు, మందుగుండు, యుద్ధవిమానాలు, యుద్ధనౌకల వంటి నిర్దేశిత వస్తువులకు 1951 నాటి పరిశ్రమల చట్టం గానీ, 1959 నాటి ఆయుధాల చట్టం గానీ కింద లైసెన్సు కావాలి. అనేక విడిభాగాలు, పరీక్ష పరికరాలకు అది అవసరం లేదు. ఎగుమతి చేయదలచిన సంస్థ మాత్రం తన వస్తువు స్కోమెట్ జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. అందులోని ఆరో విభాగం సైనిక వస్తువులకు సంబంధించినది. వాటి ఎగుమతికి రక్షణ ఉత్పత్తుల విభాగం అనుమతి అవసరం.

డ్రాయింగులు, సాంకేతిక వివరాల గోప్యత ఒప్పందంలో భాగం. వాటిని వాట్సాప్‌లో పంపడం, అనుమతి లేకుండా మరో వర్క్‌షాపుకు ఇవ్వడం ఒప్పంద ఉల్లంఘన అవుతుంది. అధికార రహస్యాల చట్టం కింద చర్యకూ దారితీయవచ్చు. భారత్‌తో భూ సరిహద్దు ఉన్న దేశాల సంస్థలు బిడ్ వేయాలంటే ముందస్తు నమోదు ఉండాలన్న నియమం 2020 జులై నుంచి ఉంది. దిగుమతి చేసిన చిప్పులు, మోటార్లు వాడే డ్రోన్, ఎలక్ట్రానిక్స్ సంస్థలు భాగాల మూలదేశాన్ని పత్రబద్ధం చేసుకోవాలి. స్థానిక విలువపై తప్పుడు ధ్రువీకరణ ఇస్తే నిషేధం తప్పదు.

నాణ్యత తనిఖీ వస్తువును బట్టి వేర్వేరు సంస్థల చేతుల్లో ఉంటుంది. సైనిక సామగ్రికి డీజీక్యూఏ, వైమానిక సామగ్రికి డీజీఏక్యూఏ తనిఖీ చేస్తాయి. విమానాల్లో వాడే వ్యవస్థలకు సెమిలాక్ ధ్రువీకరణ కావాలి. ఎలక్ట్రానిక్ పరికరాలు వేడి, చలి, తేమ, కంపనాలను తట్టుకోవాలని జేఎస్ఎస్ 55555 ప్రమాణం నిర్దేశిస్తుంది. ఈ పరీక్షల ఖర్చు, సమయం ధరలో లెక్కించకపోతే ఆర్డరు వచ్చినా నష్టమే మిగులుతుంది. ముడిలోహం పరీక్ష నివేదిక నుంచి తుది కొలతల పట్టిక వరకు ప్రతి భాగానికీ రికార్డు ఉండాలి. భాగం సరిగా ఉన్నా పత్రం లేకపోతే తిరస్కరణకు గురవుతుంది. సాధనాల రూపకల్పన, శిక్షణలో చిన్న పరిశ్రమలకు తోడ్పడే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఐటీడీ 1968 నుంచి హైదరాబాద్ బాలానగర్‌లో పనిచేస్తోంది.

బిల్లు రాకపోతే ఏం చేయాలి?

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల అభివృద్ధి చట్టం ఈ విషయంలో బలమైన ఆయుధం. సూక్ష్మ లేదా చిన్న సంస్థ సరఫరా చేసిన వస్తువుకు ఒప్పందంలో రాసుకున్న గడువులోపు చెల్లించాలి. ఆ గడువు ఎట్టి పరిస్థితుల్లోనూ 45 రోజులు మించరాదు. రాతపూర్వక గడువు లేకపోతే 15 రోజుల తర్వాత బకాయిగా మారుతుంది. వస్తువు అందిన 15 రోజుల్లో కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే స్వీకరించినట్టు చట్టం పరిగణిస్తుంది. అందుకే సరఫరా రసీదుపై తేదీ, సంతకం తీసుకోవడం చిన్న విషయం కాదు.

గడువు దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించిన బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా లెక్కగట్టి చెల్లించాలి. సమాధాన్ పోర్టల్ ద్వారా రాష్ట్ర సదుపాయ మండలికి ఫిర్యాదు చేయవచ్చు. మండలి తీర్పును కోర్టులో సవాలు చేయదలచిన కొనుగోలుదారు ముందుగా 75 శాతం సొమ్ము జమ చేయాలి. ఉద్యం నమోదు ఒప్పందానికి ముందే పూర్తయి ఉంటే ఈ హక్కుపై వివాదానికి తావుండదు.

ఫిర్యాదు చేస్తే తదుపరి ఆర్డర్లు రావేమోనన్న భయంతో చాలామంది ఈ దారి తొక్కరు. అలాంటివారికి ట్రెడ్స్ వేదిక ఉపయోగపడుతుంది. కొనుగోలుదారు అంగీకరించిన బిల్లును అక్కడ ఉంచితే బ్యాంకులు వడ్డీ మినహాయించుకుని ముందుగానే డబ్బు ఇస్తాయి. కేంద్ర ప్రభుత్వరంగ సంస్థలు, 250 కోట్ల రూపాయలకు మించిన టర్నోవరు ఉన్న కంపెనీలు ఈ వేదికలో నమోదు కావాలి. హామీ లేని రుణాలకు సీజీటీఎంఎస్ఈ గ్యారంటీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల రూపాయలకు పెరిగింది.

టెండరు వేసే ముందు

అర్హత షరతులు, డ్రాయింగుల తాజా సంచిక, తనిఖీ సంస్థ పేరు, చెల్లింపు దశలు, జరిమానా నిబంధన, పూచీకత్తు మొత్తం: ఈ ఆరింటినీ ధర వేయడానికి ముందే చదవాలి. కొనుగోలుదారు ఇచ్చే ముడిలోహంతో పని చేయవలసి వస్తే దాని విలువకు ప్రత్యేకంగా బ్యాంకు గ్యారంటీ అడుగుతారు. ఆ ఖర్చును కూడా లెక్కలో చేర్చాలి. సందేహాలుంటే బిడ్‌కు ముందు జరిగే సమావేశంలో రాతపూర్వకంగా అడగాలి. గడువు చివరి గంట వరకు ఆగితే సవరణ ప్రకటనలు చూడకుండానే బిడ్ వెళ్లిపోయే ప్రమాదం ఉంది. తిరస్కరణకు గురైన బిడ్‌దారు కారణాన్ని ప్రశ్నించే హక్కు సాధారణ ఆర్థిక నియమావళి ఇస్తోంది. ఆ కారణం తెలిస్తే తర్వాతి టెండరుకు అదే పాఠం.

కమీషన్ ఇస్తే ఆర్డరు ఇప్పిస్తామనే దళారులను నమ్మరాదు. అలాంటి చెల్లింపు బయటపడితే ఒప్పందం రద్దు, పూచీకత్తు జప్తు, నిషేధం మూడూ ఎదురవుతాయి. నమోదుకు, సృజన్‌లో ఆసక్తి తెలపడానికి మధ్యవర్తి అవసరమే లేదు. సమీపంలోని ప్రభుత్వరంగ సంస్థ సరఫరాదారుల విభాగాన్ని, జిల్లా పరిశ్రమల కేంద్రాన్ని, కేంద్ర చిన్న పరిశ్రమల శాఖ అభివృద్ధి కార్యాలయాన్ని నేరుగా సంప్రదించవచ్చు.